రాహుయి పెట్టేదెవరు, ఎత్తేసేదెవరు? పాలినేషియాలో సంస్కృతి, పర్యావరణం ఒకే కుర్చీకి ఎందుకొచ్చాయి

2024 జులైలో న్యూఢిల్లీలో వరల్డ్ హెరిటేజ్ కమిటీ సమావేశాలు జరిగాయి, అప్పుడు ఇక్కడ ఎక్కువగా అస్సాం మొయిదామ్‌ల (అహోం రాజుల సమాధి దిబ్బల) గురించే మాట్లాడుకున్నారు, మన దేశం సంగతి కాబట్టి అది సహజమే. అదే సమావేశాల్లో పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉన్న మార్కెసాస్ దీవులు కూడా లిస్టులోకి ఎక్కాయి. ఎక్కిన కేటగిరీ చూస్తే అసలు విషయం తెలుస్తుంది. సాంస్కృతిక వారసత్వం ఒక్కటే కాదు, సహజ వారసత్వం ఒక్కటే కాదు, రెండూ కలిపిన మిశ్రమ కేటగిరీ. లిస్టులో ఉన్న వెయ్యికి పైగా చోట్లలో ఇలాంటివి చాలా తక్కువ.

ఆ దీవులున్నది ఫ్రెంచ్ పాలినేషియాలో, ఫ్రాన్స్ కింద స్వయంపాలన ఉన్న ప్రాంతం అది, అక్కడ ప్రభుత్వం కూడా అలాగే నడిచింది. 2014 నుంచి 2023 దాకా అక్కడ సంస్కృతి, పర్యావరణం ఒకే మంత్రి దగ్గర ఉన్నాయి, ఆ మంత్రి అంతకుముందు రాజకీయ నాయకుడిగా కాదు, సాంస్కృతిక సంస్థ నడిపిన అధికారిగా పేరున్న మనిషి. మన దగ్గర సాంస్కృతిక శాఖ అంటే ఉత్సవాలు, అవార్డులు, పర్యావరణ శాఖ అంటే పొల్యూషన్ బోర్డు, ఫారెస్ట్ పర్మిషన్లు, ఈ రెండూ ఒకే టేబుల్ మీదకి ఎలా వస్తాయన్నది చాలామందికి వచ్చే డౌటే. దానికి జవాబు కావాలంటే అక్కడి సముద్రం దగ్గరికి వెళ్ళాలి.

క్లుప్తంగా: పాలినేషియాలో సముద్రాన్ని కాపాడే పాత పద్ధతి మతం, కులపెద్దరికం, చేపలవేట అన్నీ కలిసిన ఒకే కట్టుబాటు, దాని పేరు రాహుయి. ఇప్పటి ప్రభుత్వాలు ఆ కట్టుబాటుని చట్టంలోకి తెచ్చి దానికి ఒక ఆఫీసుని పెట్టాయి. దానివల్ల ఆ ఆఫీసులో కూర్చునే అధికారికి జనంలో గౌరవం వచ్చింది కానీ, కుర్చీ ఇచ్చేది మాత్రం కేబినెటే, సముద్రం అడుగున ఖనిజాలో, లగూన్‌లో (రీఫ్ అనే పగడపు దిబ్బకీ తీరానికీ మధ్య ఉండే నీళ్ళలో) ఒలింపిక్ టవరో అడ్డమొచ్చినప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

రాహుయి అంటే ఏంటి

ఒక చెరువులోనో, తీరంలో ఒక ముక్కలోనో, ఒక కొండవాలు మీదో కొంతకాలం ఎవరూ చెయ్యి పెట్టకూడదని ప్రకటించడమే రాహుయి. చేపలు పట్టకూడదు, కొబ్బరికాయలు దింపకూడదు, కొన్నిచోట్ల అసలు అడుగే పెట్టకూడదు. ఆంధ్రా తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, బయటినుంచి చూస్తే అలాంటిదే అనిపిస్తుంది. తేడా ఎక్కడంటే వేట నిషేధం ప్రభుత్వం జీవో ఇస్తే వస్తుంది, తేదీ అయిపోతే పోతుంది, రాహుయి మాత్రం ఒక పెద్దమనిషి నోటిమాటతో వచ్చేది, ఆ పెద్దమనిషికి దేవుళ్ళ నుంచి, పూర్వీకుల నుంచి వచ్చిన శక్తి ఉందని జనం నమ్మేవాళ్ళు. ఆ శక్తిని వాళ్ళ భాషలో ‘మన’ (mana) అంటారు. మీరకూడని ఆ పవిత్ర నిషేధం పేరు తపు, ఇంగ్లిష్‌లోకి వెళ్ళి టాబూ అయిన మాట ఇదే.

అంటే చేపల లెక్క, పూజ, అధికారం మూడూ ఒకటే వ్యవహారం. మరాయె అనే రాతి వేదికల దగ్గర ప్రార్థనలు జరిగేవి, అక్కడే పెద్దల అధికారం స్థిరపడేది, ఆ అధికారంతోనే ఎదురుగా ఉన్న సముద్రానికి రాహుయి పడేది. మిషనరీలు వచ్చి మరాయెలని పడగొట్టాక, 19వ శతాబ్దంలో ఫ్రెంచ్ పాలన వచ్చాక, ఈ గొలుసు తెగింది. మరాయెలు శిథిలాలయ్యాయి, సముద్రం ఎవరైనా వెళ్ళి పట్టుకునేదయింది. అందుకే అక్కడ మరాయెని మళ్ళీ నిలబెట్టడం, లగూన్‌ని మళ్ళీ కాపాడుకోవడం వేరువేరు పనులుగా అనిపించవు. ఒకే తెగిన తాడుకి రెండు చివర్లు.

డాన్స్ నుంచి మొదలైన దారి

పైన చెప్పుకున్న మంత్రి హెరెమోఆనా మామాతుఆయిఆహుతపు పేరు తెలుగులో రాయడమే కష్టం, అక్కడివాళ్ళు కూడా ఎక్కువగా మొదటి పేరుతోనే పిలుస్తారు. ఈయన మంత్రి కాకముందు తాహితి దీవిలోని రాజధాని పపీతెలో ఉన్న సాంస్కృతిక కేంద్రానికి డైరెక్టర్, దాని తాహితియన్ పేరు తె ఫారె తౌహితి నుయి. లైబ్రరీ, థియేటర్, భాష క్లాసులు, నాటకాలు, అన్నిటికీ మించి ఏటా జరిగే డాన్స్ పండగ హెయివా, ఇవన్నీ ఆ సంస్థ చేతిలో ఉంటాయి.

హెయివా చరిత్ర తెలియకపోతే ఆ డైరెక్టర్ పదవికి అంత బరువెందుకో అర్థం కాదు. 1819లో పొమారే రాజు మిషనరీల సలహాతో చట్టం తెచ్చాడు, ఆ కాలంలోనే పాత డాన్సుల మీద నిషేధం పడింది. 1880లో ఫ్రాన్స్ తాహితిని పూర్తిగా కలిపేసుకుంది, మరుసటి ఏడాది నుంచి జులై 14 ఫ్రెంచ్ జాతీయ దినోత్సవానికి సంబరాలు మొదలయ్యాయి, ఆ సంబరాల సందులోంచే డాన్స్ మెల్లగా వెనక్కొచ్చింది, అంటే వలస పాలకుల పండగే స్థానిక కళకి నీడయింది. 1956లో మడ్లెన్ మోవా అనే టీచర్ డాన్స్ ట్రూప్ పెట్టి, అప్పటిదాకా మర్యాదస్తులు చెయ్యకూడదనుకున్న డాన్స్‌ని స్టేజి ఎక్కించింది. 1984లో స్వయంపాలన చట్టం వచ్చింది, 1985లో పండగ పేరు హెయివాగా మారింది. ఇప్పుడు ఏటా జులైలో పపీతెలోని తొఆతా మైదానంలో వందమందికి పైగా ఉండే ట్రూపులు పోటీ పడతాయి, ప్రతి ట్రూపు ఒక పాత కథని తీసుకుని కొత్తగా పాట, మాట, అడుగు అన్నీ రాసుకుంటుంది. ఆ కథల్లో ఎక్కువ భాగం ఒక లోయ గురించో, ఒక చేప గురించో, ఒక గాలి పేరు గురించో ఉంటాయి. ఏ గాలి ఎటునుంచి వీస్తుందో, ఏ వాగు ఏ వంశానిదో జనానికి గుర్తుండేది ఇక్కడే. డాన్స్ అక్కడ భూమి రికార్డు లాంటిది కూడా.

అలాంటి సంస్థ నడిపిన అధికారికి ప్రతి దీవిలో ట్రూపు పెద్దలు, భాషా పండితులు, చేతిపని సంఘాల ఆడవాళ్ళు, చర్చి పెద్దలు తెలిసి ఉంటారు. 2014 సెప్టెంబర్‌లో ఎదువార్ ఫ్రిచ్ ప్రెసిడెంట్ అయినప్పుడు హెరెమోఆనాకి ఇచ్చిన శాఖలు చూస్తే భాషల ప్రోత్సాహం, సంస్కృతి, కమ్యూనికేషన్, పర్యావరణం. తర్వాత చేతివృత్తులు కలిసాయి, ఇంకా తర్వాత సముద్ర వనరులు కూడా చేరాయి. చేతివృత్తులు ఎందుకంటే చాపలల్లే ఆకు, చెక్కడానికి కలప, గవ్వలు, ముత్యపు చిప్ప అన్నీ అడవి నుంచో లగూన్ నుంచో రావాల్సిందే. ఒక చెట్టు తగ్గితే ఒక పనితనం పోతుంది. ఈ శాఖల కూర్పు బయటివాళ్ళకి కలగాపులగంలా కనిపించినా లోపల ఒక లాజిక్ ఉంది.

యునెస్కో ఫైల్ మీద సంతకం ఎవరిది

ఈయన పదవీకాలంలో ఎక్కువగా చెప్పుకునేది తపుతపువాతెయా. రాయియాతెయా దీవిలో ఓపోవా దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న మరాయె ఇది, ఓరో దేవుడిది, ఒకప్పుడు చుట్టుపక్కల దీవుల నుంచే కాదు చాలా దూరం నుంచి కూడా పడవల్లో ఇక్కడికి వచ్చి కలుసుకునేవాళ్ళు, పాలినేషియన్లు హవాయి, న్యూజిలాండ్, రాపా నుయి దాకా విస్తరించిన కథలన్నిటికీ ఇది ఒక నడిబొడ్డు లాంటిది. 2017 జులైలో పోలండ్‌లోని క్రాకోవ్‌లో జరిగిన మీటింగ్‌లో ఇది వరల్డ్ హెరిటేజ్ అయింది. సాంస్కృతిక కేటగిరీలో ఫ్రాన్స్ సముద్రాంతర భూభాగాల నుంచి లిస్టుకెక్కిన మొదటి స్థలం. గుర్తింపు వచ్చిన హద్దుల్లో రాళ్ళ వేదికలు మాత్రమే లేవు, వెనకున్న అడవి లోయలు, ముందున్న లగూన్, రీఫ్ దాటే దారి, దాని బయట కొంత సముద్రం కూడా ఉన్నాయి. రాహుయి ఆలోచనని యునెస్కో భాషలో రాస్తే ఇలాగే ఉంటుంది.

ఈ పని మొదలుపెట్టింది మంత్రి కాదు. ఓపోవా వాళ్ళే సంఘం పెట్టుకుని పదేళ్ళకి పైగా దాని వెంట పడ్డారు. కానీ యునెస్కో రూల్ ప్రకారం ఫైల్ పెట్టగలిగేది ఒప్పందం మీద సంతకం చేసిన దేశం మాత్రమే, అంటే ఫ్రాన్స్. రామప్ప గుడి 2021లో లిస్టుకెక్కినప్పుడు తెలంగాణ వాళ్ళు ఇది చూసారు, రాష్ట్రం ఎంత తిరిగినా చివరికి ఫైల్ పంపేది కేంద్రమే, దేశం లోపలున్న అన్ని సైట్లతో పోటీ పడి ముందు వరస దాటాలి. తపుతపువాతెయాది ఇంకా పొడుగు దారి, ఊరి సంఘం నుంచి పపీతె ప్రభుత్వానికి, అక్కడినుంచి పదిహేను వేల కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న ప్యారిస్‌కి, అక్కడ ఫ్రాన్స్‌లోని ద్రాక్షతోటలు, కోటలు, చర్చిలతో పాటు క్యూలో నిలబడి, అప్పుడు యునెస్కోకి. కల్చర్ మంత్రి అసలు పని ఈ గొలుసులో కనిపిస్తుంది. ఊళ్ళో మాట్లాడేటప్పుడు అది పూర్వీకుల స్థలం, ప్యారిస్‌లో మాట్లాడేటప్పుడు అది నిర్వహణ ప్రణాళిక, బఫర్ జోన్, బడ్జెట్. రెండు భాషలూ వచ్చిన మనిషి కావాలి, రాజకీయ నాయకుడి కంటే ఆఫీసులో పనిచేసొచ్చిన అధికారికే ఇది బాగా వస్తుంది.

మార్కెసాస్ విషయంలో కూడా ఇదే దారి, ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఫ్రాన్స్ తన తాత్కాలిక జాబితాలో ఆ పేరు పెట్టింది 1996లో, ఢిల్లీలో ఆమోదం వచ్చింది 2024లో, మొత్తం 28 ఏళ్ళు. ఆ ఫైల్ పని చాలాభాగం హెరెమోఆనా కుర్చీలో ఉన్నప్పుడు నడిచింది, పేరు ఎక్కేటప్పటికి 2023 ఎన్నికల్లో ప్రభుత్వం మారి ఆయన దిగిపోయాడు. ఇలాంటి పనుల్లో ఫలితం వేరేవాళ్ళ కాలంలో రావడం మామూలే, ఎన్నికల లెక్కలో దీనికి మార్కులు పడవు, అయినా ఎవరో ఒకరు ఆ మధ్య సంవత్సరాలు మోయాలి.

చేతిలో ఉన్నదేంటి, లేనిదేంటి

ఫ్రెంచ్ పాలినేషియా జనాభా 2 లక్షల 80 వేల దరిదాపు, విశాఖలో ఒక మూలకి సరిపోతారు. వాళ్ళ ఆర్థిక సముద్ర మండలం మాత్రం 48 లక్షల చదరపు కిలోమీటర్ల దాకా ఉంది, మన దేశం మొత్తం భూభాగానికి ఒకటిన్నర రెట్లు. 2004 ఫిబ్రవరిలో వచ్చిన స్వయంపాలన చట్టం ప్రకారం సంస్కృతి, పర్యావరణం, చేపలవేట, సముద్ర వనరులు పపీతె ప్రభుత్వానివి. రక్షణ, కోర్టులు, కరెన్సీ, విదేశాంగం ప్యారిస్‌వి. వ్యూహాత్మక ముడిపదార్థాలు అనే ఒక మాట మళ్ళీ ప్యారిస్ లిస్టులోనే ఉంది, సముద్రం అడుగున ఉన్న ఖనిజాల్లో ఏవి వ్యూహాత్మకం అన్నది ఎవరు తేలుస్తారన్న వాదన అక్కడే పుడుతుంది.

ఈ పంపకంలో ఉన్న అన్యాయం అర్థం కావాలంటే ఒక్క అంకె చాలు. 1966 నుంచి 1996 వరకు మొరురోవా, ఫంగతౌఫా పగడపు దీవుల్లో ఫ్రాన్స్ 193 అణు పరీక్షలు చేసింది. ఆ సముద్రానికి జరిగిన అతి పెద్ద పర్యావరణ నష్టం ఇదే, కానీ అది రక్షణ కిందకి వస్తుంది కాబట్టి పర్యావరణ మంత్రి ఫైల్లోకి రాదు. ఆయన సొరచేపల రక్షణ రూల్స్ అమలు చెయ్యగలడు, లగూన్లో ఇసుక తవ్వకం ఆపగలడు, చెత్త గురించి చట్టం తేగలడు, మొరురోవా మీద మాత్రం ఆర్డర్ వెయ్యలేడు. జ్ఞాపకాన్ని భద్రపరచడం, బాధితుల కథలు రికార్డు చెయ్యడం సంస్కృతి కిందకి వస్తాయి, అవి చెయ్యగలడు. అంటే ఒకే గాయానికి వైద్యం ఒకరి చేతిలో, దాని జ్ఞాపకం ఇంకొకరి చేతిలో. పర్యావరణం, సంస్కృతి ఒకే కుర్చీకి రావడంలో ఉన్న బలం, బలహీనత రెండూ ఇందులో ఉన్నాయి.

2018లో మొత్తం సముద్ర మండలాన్ని తైనుయి ఆతెయా అనే పేరుతో నిర్వహిత సముద్ర ప్రాంతంగా ప్రకటించారు. పేరు పాతకాలపు తాహితియన్‌ది, వైశాల్యం చూస్తే ప్రపంచంలోనే అతి పెద్దవాటిల్లో ఒకటి. ఇక్కడ నిర్వహిత అన్న మాట దగ్గర ఆగాలి. రక్షిత అనలేదు. వేట పూర్తిగా ఆగే భాగాలు ఇన్ని అని అందులో గట్టిగా గీసిన గీతలు లేవు. దానికి ముందే దక్షిణాన ఉన్న ఆస్ట్రల్ దీవుల మున్సిపాలిటీలు తమ చుట్టూ పెద్ద రాహుయి కావాలని అడిగాయి, జనం అడిగింది గట్టి గీత, వచ్చింది అందరికీ వర్తించే మెత్తటి గీత. విదేశీ బోట్లకి అప్పటికే లైసెన్సులు ఇవ్వట్లేదు, స్థానిక ట్యూనా బోట్ల యజమానులు ఉన్నారు, వాళ్ళ ఓట్లు, వాళ్ళ ఉద్యోగాలు ఉన్నాయి, ఏ ప్రభుత్వానికైనా ఈ లెక్క తప్పదు. అయినా ఊళ్ళు తమంతట తామే మూసెయ్యమని అడిగినప్పుడు మూసెయ్యకపోవడం ఒక పోగొట్టుకున్న అవకాశమే.

పక్క దీవుల్లో అదే ఉద్యోగం, వేరే ముగింపు

తాహితికి పడమరగా కుక్ దీవులున్నాయి, న్యూజిలాండ్‌తో 1965 నుంచి స్వేచ్ఛా అనుబంధంలో ఉన్న చిన్న దేశం. 15 దీవులు, మొత్తం భూమి 240 చదరపు కిలోమీటర్లు, జనం 15 వేల చిల్లర. సముద్రం మాత్రం 19 లక్షల చదరపు కిలోమీటర్ల పైన. అక్కడ రాహుయిని రాఉయి అంటారు. 1998లో రారోతొంగా దీవిలో కొవుతు నుయి అనే సంప్రదాయ పెద్దల సభ ఐదు చోట్ల రాఉయి మళ్ళీ పెట్టింది. జరిమానా లేదు, పోలీసు లేడు, పెద్దల మాట మీద గౌరవమే కాపలా.

దాన్ని దేశం మొత్తానికి పెంచితే ఎలా ఉంటుందన్న ఆలోచన కెవిన్ ఇరో అనే మాజీ రగ్బీ లీగ్ ఆటగాడిది. 2012లో ప్రధాని హెన్రీ పునా పసిఫిక్ దీవుల ఫోరమ్ సమావేశంలో ఈ పెద్ద పార్కుని ప్రకటించాడు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి దీవి దీవికీ వెళ్ళి మాట్లాడి ఒప్పించే పని జాక్వెలిన్ ఎవాన్స్ నడిపింది. 2017 జులై 13న మరాయె మోఆనా చట్టం పాసయింది. మోఆనా అంటే సముద్రం, మరాయె అంటే పైన చెప్పుకున్న పవిత్ర వేదిక. సముద్రాన్నే మరాయె అన్నారు, చట్టం పేరులోనే మొత్తం వాదన ఉంది. ప్రతి దీవి చుట్టూ 50 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 93 కిలోమీటర్లు, పెద్ద కమర్షియల్ వేట, సముద్రగర్భ తవ్వకం రెండూ బంద్. దీన్ని అమలు చేసే ఆఫీసుకి ఎవాన్స్ డైరెక్టర్ అయింది, 2019లో ఆవిడకి గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది.

అదే ఏడాది ఆ ఉద్యోగం పోయింది. సముద్రగర్భ తవ్వకాన్ని పదేళ్ళు ఆపుదామని ఫిజీ ప్రధాని అప్పట్లో పసిఫిక్ దేశాల ముందు ప్రతిపాదించాడు, ఎవాన్స్ దాన్ని సమర్థిస్తూ తోటి ప్రభుత్వ అధికారులకి ఈమెయిల్ రాసింది, ఆ వైఖరి వల్లే తనని తప్పించారని తర్వాత ఆవిడే మీడియాకి చెప్పింది. ప్రభుత్వం వైపు లెక్క ఏంటంటే, ఆ దేశం సముద్రం అడుగున మాంగనీస్, కోబాల్ట్, నికెల్ ఉన్న ముద్దలు 670 కోట్ల టన్నులున్నాయని అంచనా, బ్యాటరీలకి కోబాల్ట్ కావాలి, టూరిజమే ప్రధాన ఆదాయమైన దేశానికి అది చిన్న ఆశ కాదు. 50 మైళ్ళ గీత బయట తవ్వకానికి చట్టం పూర్తిగా అడ్డు చెప్పలేదు కూడా.

ఇక్కడ పాత రాఉయికీ కొత్త రాఉయికీ తేడా స్పష్టంగా కనపడుతుంది. 1998లో రాఉయి పెట్టిన పెద్దలని ఉద్యోగంలోంచి తీసే వాళ్ళెవరూ లేరు, వాళ్ళ అధికారం వంశం నుంచి వచ్చింది. మరాయె మోఆనా డైరెక్టర్ అధికారం అపాయింట్‌మెంట్ ఆర్డర్ నుంచి వచ్చింది. రాఉయి దేశమంత పెద్దదయ్యింది, దాన్ని కాపాడే మనిషి మాత్రం గ్రేడ్, జీతం, నోటీస్ పీరియడ్ ఉన్న ఉద్యోగి అయిపోయింది. సర్వీస్ రూల్స్ ప్రకారం ప్రభుత్వ విధానానికి ఎదురు మాట్లాడకూడదు కదా అని వాదించొచ్చు, ఏ దేశంలోనైనా ఆ రూల్ ఉంటుంది. కానీ ఆ ఉద్యోగం చట్టప్రకారం పనే సముద్రానికి వచ్చే ముప్పు గురించి హెచ్చరించడం అయినప్పుడు, జాగ్రత్తగా వెళ్దామని సహోద్యోగులకి చెప్పడం డ్యూటీయే అవుతుంది, క్రమశిక్షణ తప్పడం అవ్వదు.

మంత్రిగా హెరెమోఆనా దాదాపు తొమ్మిదేళ్ళు ఉండగలిగాడు, ఎవాన్స్ ఆఫీసర్‌గా రెండేళ్ళు దాటి ఉండలేకపోయింది. దీన్ని ఇద్దరి స్వభావాల తేడాగా చూస్తే పొరపాటు. ఆయన కేబినెట్ లోపల కూర్చుని రాజీ పడాల్సిన చోట పడే స్థానంలో ఉన్నాడు, ఆవిడ కేబినెట్ బయట కూర్చుని కేబినెట్‌కి సలహా చెప్పే స్థానంలో ఉంది. లోపలున్నవాళ్ళకి గీత మెత్తబడుతుంది, బయటున్నవాళ్ళకి కుర్చీ పోతుంది.

2022 ఫిబ్రవరిలో కుక్ దీవుల ప్రభుత్వం మూడు సంస్థలకి ఖనిజ అన్వేషణ లైసెన్సులు ఇచ్చింది, తవ్వడానికి కాదు, వెతకడానికి. 2025 ఫిబ్రవరిలో ప్రధాని మార్క్ బ్రౌన్ చైనాతో ఒప్పందాలు చేసుకున్నాడు, అందులో సముద్రగర్భ ఖనిజాల సహకారం కూడా ఉంది, తమకి సరిగా చెప్పకుండా చేసారని న్యూజిలాండ్ 1.82 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల సాయం ఆపింది. ఒక ఆఫీసు ఈమెయిల్ దగ్గర మొదలైన తగువు ఐదారేళ్ళలో పెద్ద దేశాల వ్యవహారం అయిపోయింది. మన దేశానికి కూడా ఈ ముద్దల మీద ఆసక్తి ఉంది, హిందూ మహాసముద్రం మధ్యలో 75 వేల చదరపు కిలోమీటర్లలో వెతకడానికి 2002లోనే అంతర్జాతీయ సీబెడ్ అథారిటీతో కాంట్రాక్టు చేసుకుంది. కాకపోతే అది ఏ దేశానికీ చెందని సముద్రం, అక్కడ రూల్స్ జమైకాలో ఉన్న ఆ అథారిటీ రాస్తుంది. కుక్ దీవులది సొంత మండలం, వాళ్ళ పార్లమెంటే రాస్తుంది, అందుకే కంపెనీలకి అక్కడ దారి దగ్గర.

తేహుపోఓ అల దగ్గర

2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ పోటీలు తాహితిలోని తేహుపోఓలో పెట్టారు. ఆ ఊరికి 2014 నుంచి లగూన్లో రాహుయి ఉంది, స్థానిక కమిటీ, మత్స్యకారులు, ప్రభుత్వం కలిసి నడిపిస్తారు. జడ్జీలు కూర్చోడానికి రీఫ్ మీద కొత్త అల్యూమినియం టవర్ కడతామన్నారు, పాత చెక్క టవర్ సేఫ్టీ రూల్స్‌కి సరిపోదన్నారు. 2023 అక్టోబర్‌లో ఊరివాళ్ళు, సర్ఫర్లు, మత్స్యకారులు కలిసి ర్యాలీ తీసారు, పగడాలు పోతే అల రూపమే మారిపోతుందని, విషపు చేపల బెడద పెరుగుతుందని వాళ్ళ భయం. టవర్‌ని 14 టన్నుల నుంచి 9 టన్నులకి తగ్గించారు, డిసెంబర్‌లో సామాను మోసే బార్జ్‌ని టెస్ట్ చేస్తుంటే అది పగడాలని విరగ్గొట్టింది, పని కొంతకాలం ఆగింది, చివరికి టవర్ కట్టారు, పోటీలు జరిగాయి.

ఈ గొడవ కొత్త ప్రభుత్వం కాలంలో జరిగింది. స్వాతంత్ర్యం కోరే తావిని పార్టీ నుంచి మోయెతాయి బ్రదర్సన్ 2023 మేలో ప్రెసిడెంట్ అయ్యాడు, కొత్త పార్టీ, కొత్త మంత్రులు, చిక్కు మాత్రం పాతదే. రాహుయి చేపల వేటని ఆపగలిగింది, కాంట్రాక్టర్ బార్జ్‌ని మాత్రం ఆపలేకపోయింది. ఎందుకంటే రాహుయి పర్యావరణ ఫైల్లో ఉంది, టవర్ ఒలింపిక్ ఫైల్లో ఉంది, ఆ రెండో ఫైల్‌కి డెడ్‌లైన్ ఉంది, అంతర్జాతీయ కాంట్రాక్టు ఉంది. ఇంత జరిగినా బరువు తగ్గించడం, డిజైన్ మార్చడం ఊరివాళ్ళు నిలబడ్డందువల్లే సాధ్యమయ్యాయి, అది చిన్న విషయం కాదు.

ఇకముందు

2025 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో సముద్రాల సదస్సు జరిగినప్పుడు బ్రదర్సన్ తమ మొత్తం సముద్ర మండలాన్ని రక్షిత ప్రాంతం చేస్తామని ప్రకటించాడు, అందులో 9 లక్షల చదరపు కిలోమీటర్లు కఠిన రక్షణ కింద, ఇంకో 1 లక్షా 86 వేల చదరపు కిలోమీటర్లు చిన్న పడవల సంప్రదాయ వేటకి మాత్రమే. 2018లో లేని గీతలు ఈసారి ఉన్నాయి. 2018 నాటి ప్రకటన లేకపోతే 2025ది ఇంత తొందరగా వచ్చేది కాదన్నది కూడా నిజం, పాత మంత్రి మెత్తటి గీత మీదే కొత్త ప్రభుత్వం గట్టి గీత గీసింది. అమలు కష్టం మాత్రం అలాగే ఉంది. అంత సముద్రం మీద నిఘాకి ఓడలు, విమానాలు, శాటిలైట్లు కావాలి, ఆ ఓడలు, విమానాలు ఎక్కువగా ఫ్రెంచ్ నేవీవి. స్వాతంత్ర్యం కోరే పార్టీ గీసిన గీతకి కాపలా కాయాల్సింది ప్యారిస్ ఓడలే.

ఈ పెద్ద అంకెల పక్కన రాపా అనే దీవి సంగతి కూడా చూడాలి. ఆస్ట్రల్ దీవుల్లో జనం ఉన్నవాటిలో అన్నిటికంటే దక్షిణాన ఉంది, ఐదొందల మంది జనం, ఎయిర్‌పోర్ట్ లేదు, ఓడ వస్తేనే సరుకు. భూమి ఎవరి సొంతమూ కాదు, పెద్దల సభ చూసుకుంటుంది. 1984లో ఊరివాళ్ళే ఒక కమిటీ వేసుకుని అఖాతంలో కొంత భాగానికి రాహుయి పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. పపీతెలో ప్రభుత్వాలు ఎన్నిసార్లు మారాయో, శాఖల పేర్లు ఎన్నిసార్లు మారాయో దానికి సంబంధం లేదు. మూసిన భాగాన్ని కొద్దికాలం తెరిచే రోజు వచ్చినప్పుడు ముందు ప్రార్థన చేస్తారు, తర్వాత ఊరంతా కలిసి నీళ్ళలోకి దిగుతారు, పట్టిన చేపని ఇంటింటికీ పంచుతారు, పడవెక్కలేని ముసలివాళ్ళ ఇంటికి కూడా వాటా వెళ్తుంది, ఆ సాయంత్రమే కమిటీ మళ్ళీ ఎన్ని నెలలు మూయాలో కూర్చుని మాట్లాడుకుంటుంది.